బలపం కన్నా ముందు... బంకమట్టి!

మూడేళ్లు నిండీ నిండకముందే పలకా బలపం ఇచ్చి 'అఆలు దిద్దు' అంటాం. పాపం, ఆ బుజ్జివేళ్లకు బలపం పట్టే బలమేదీ? అదొచ్చేది బంకమట్టితోనే. ముద్దగా పిసకడం, పాములా దొర్లించడం, చిటికెడు గిల్లి ఉండ చుట్టడం... రాతకు కావాల్సిన కసరత్తంతా అందులోనే ఉంది.

రంగురంగుల ప్లే-డో అసలు అమెరికాలో గోడకాగితాల మసి తుడిచే ముద్ద! 1950ల్లో ఓ నర్సరీ టీచరు పిల్లల చేతికివ్వడంతో ఆటవస్తువైపోయింది. అదే కొనాలనేం లేదు. చెరువుమట్టిలో రాళ్లేరి, నీళ్లతో కలిపి, తడిగుడ్డ కప్పి ఉంచితే మర్నాటికి మెత్తబడుతుంది.

'ఏం బొమ్మ చేశావ్?' అని మాత్రం తొందరపెట్టకూడదు. ఈ వయసులో పిసకడమే పెద్ద పని. ఇందాకటి ఏనుగు ఇప్పుడు ఇడ్లీ కావచ్చు. బట్టలు మాస్తాయంటారా? నాన్న పాత చొక్కా ఒకటి బడికి పంపితే సరి.