ఓట్లు పెరిగాయి, స్థానాలు తరిగాయి

ప్రజాస్వామ్యంలో ప్రజలే ప్రభువులని చిన్ననాటి నుండి పాఠ్యపుస్తకాలలో చదువుకొంటున్నాము. కాని ఆ ప్రభువుల మాట పోలింగు కేంద్రం నుండి శాసనసభ వరకు ఏ దారిన ప్రయాణిస్తుంది, ఆ ప్రయాణంలో ఎంత మిగులుతుంది, ఎంత జారిపోతుంది, ఆ వార్తను మనకు ఎవరు, ఏ రీతిగా అందిస్తున్నారు అనే ప్రశ్నలను మనలో చాలామంది వేసుకోరు. ఈ చిన్న వ్యాసంలో ఆ ప్రశ్నలను పరిశీలించడానికి ప్రయత్నిస్తాము.

2024 జూన్ 4న ఆంధ్రప్రదేశ్ ఎన్నికల ఫలితాలు వెలువడ్డాయి. మరునాడు గుణదల పడవల రేవు సెంటరులోని టీ దుకాణాల వద్ద పత్రికలు చేతులు మారుతున్నాయి. “రాష్ట్రమంతా ఒక్క మాట మీద నిలిచింది” అన్నదే ఎక్కడ విన్నా మాట. అంకెలు చూస్తే నిజమే ననిపిస్తుంది. 175 స్థానాలలో తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీల కూటమికి 164 దక్కాయి. వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పార్టీకి 11 మాత్రమే మిగిలాయి. అయితే ఓడిన ఆ పార్టీకి పడిన ఓట్లు 39 శాతానికి పైమాటే. అనగా ఓటు వేసిన ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు ఆ “ఒక్క మాట”లో లేరు. అంతకు ముందు 2019లో సరిగా ఇదే జరిగింది, పాత్రలు మాత్రమే తారుమారు. నాడు తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు వస్తే 23 స్థానాలు దక్కాయి. దాదాపు 50 శాతం ఓట్లు పొందిన పార్టీకి 151 స్థానాలు వచ్చాయి.

మేము ఈ పార్టీలలో దేనికీ వకాల్తా పుచ్చుకొనలేదు. మేము చెప్పదలచినది ఒక్కటే: సభలోని కుర్చీల లెక్క వేరు, ప్రజల మనసుల లెక్క వేరు. మొదటి లెక్కనే రెండవ లెక్కగా చూపడం మన రాజకీయాలలో పాత అలవాటు. ఆ అలవాటు ఎంత పాతదో తెలియాలంటే కృష్ణా తీరంలోనే జరిగిన ఒక ఎన్నికను గుర్తు చేసుకోవాలి.

1952 సార్వత్రిక ఎన్నికలలో ఉమ్మడి మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతం నుండి 140 స్థానాలు ఉండేవి. వాటిలో కమ్యూనిస్టులు 41 గెలిచారు. వారికి పడిన ఓట్లు సుమారు 22 శాతం. విజయవాడ లోక్‌సభ స్థానంలో వారి మద్దతుతో స్వతంత్రుడుగా నిలిచిన కవి హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ విజయం సాధించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి సంవత్సరం నవంబరులో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం అవిశ్వాస తీర్మానంతో పడిపోగా, 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. ఈసారి అధికారం తమదేనని కమ్యూనిస్టులు గట్టిగా నమ్మారు. ఓట్లు నిజంగానే పెరిగి 31 శాతానికి చేరాయి. స్థానాలు మాత్రం 196లో 15కు పడిపోయాయి!

ఓట్లు పెరిగితే స్థానాలు ఎలా తరుగుతాయి? ఇందులో మాయ లేదు, మామూలు కూడికలే ఉన్నాయి. ఒక నియోజకవర్గంలో నూరు ఓట్లు ఉన్నాయనుకొందాము. మొదటి ఎన్నికలో ఒక పార్టీకి 35, దాని ప్రత్యర్థులు ఇద్దరికి 33, 32 వచ్చాయి. 35 వచ్చిన అభ్యర్థి గెలుస్తాడు. తరువాతి ఎన్నికలో అదే పార్టీ 45 ఓట్లకు ఎదిగింది. కాని ప్రత్యర్థులిద్దరూ ఏకమై ఒకే అభ్యర్థిని నిలిపి 55 తెచ్చుకొన్నారు. పది ఓట్లు పెంచుకొన్నవాడు ఓడిపోయాడు. 1952లో కాంగ్రెసు, ప్రకాశం గారి వర్గం, ఆచార్య రంగా గారి కృషికార్ లోక్ పార్టీ విడివిడిగా పోటీ చేశాయి. 1955లో అవి ఐక్య కాంగ్రెసు కూటమిగా ఒకటయ్యాయి. దాదాపు సగం ఓట్లతో కూటమి పక్షాలు మూడింటికీ కలిపి 146 స్థానాలు వచ్చాయి. ఆ గాలిలో సైతం, గుణదల దాటి రామవరప్పాడు మీదుగా పోతే వచ్చే గన్నవరంలో పుచ్చలపల్లి సుందరయ్య గారు గెలిచి, సభలో ప్రతిపక్ష నాయకులైనారు.

ఇక పత్రికల సంగతి. నార్ల వెంకటేశ్వరరావు గారు సంపాదకులుగా ఉన్న ఆంధ్రప్రభ నాడు కమ్యూనిస్టు వ్యతిరేక ప్రచారంలో ముందు నిలిచింది. ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, జనవరి 26న, మాస్కోలోని ప్రావ్దా పత్రిక నెహ్రూ ప్రభుత్వ విదేశాంగ నీతిని మెచ్చుకొంటూ సంపాదకీయం ప్రచురించింది. కాంగ్రెసువారు దానిని ఊరూరా వినియోగించుకొన్నారు. కమ్యూనిస్టులకు ఇల్లు ఎక్కడో, ఇరకాటం అక్కడే ఎదురైంది. వారి చేతిలో ఉన్నది ప్రధానంగా విశాలాంధ్ర దినపత్రిక. అంతకు ముందరి ప్రజాశక్తి 1948లో ప్రభుత్వ నిర్బంధానికి గురై నిలిచిపోగా, 1952 జూన్ 22న విజయవాడలో విశాలాంధ్ర ప్రారంభమైంది. ఫలితాల పిదప ఆంధ్రలో కమ్యూనిజం పని తీరిపోయిందన్న వ్యాఖ్యానమే ఎక్కువగా వినబడింది. ప్రతి పదిమందిలో ముగ్గురు ఇంకా దానికే ఓటు వేశారన్న వాస్తవం ఆ సందడిలో మరుగున పడిపోయింది.

సంపాదకుడు ఒక పక్షాన నిలబడి తన అభిప్రాయాన్ని తన పేరుతో వ్రాయడం తప్పు కాదు. 1948 ఆగస్టులో హైదరాబాదులో ఉర్దూ దినపత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్, రజాకార్లకు వ్యతిరేకంగా వ్రాసినందుకు ప్రాణాలే అర్పించారు. అభిప్రాయానికి అంతటి విలువ ఉన్నది. కాని అభిప్రాయాన్ని వార్తగా అమ్మడం వేరు. 2009 ఎన్నికలలో అభ్యర్థుల వద్ద సొమ్ము తీసుకొని ప్రచారాన్ని వార్తల రూపంలో అచ్చువేసే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాలలో బయటపడింది. దానిపై విచారించిన ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘంలో ఇద్దరే సభ్యులు: పరంజయ్ గుహ ఠాకుర్తా, నాటి విశాలాంధ్ర సంపాదకులు కె. శ్రీనివాసరెడ్డి. 2010లో వారు సమర్పించిన నివేదికను పూర్తిగా ప్రచురించడానికి కౌన్సిల్ వెనుకాడింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించిన పిమ్మట, 2011లో గాని అది వెలుగు చూడలేదు. పత్రికల తప్పును పత్రికల పెద్దలే దాచదలచినప్పుడు పాఠకునికి దిక్కెవరు?

సొమ్ము ఎక్కడి నుండి వస్తున్నదో తెలియకపోవడం మరొక ప్రమాదం. దాతల పేర్లను ప్రజలకు తెలియనీయని ఎన్నికల బాండ్ల పథకాన్ని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఆ కేసులో పిటిషనర్లలో భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు) ఒకటి. అంతకు చాలాకాలం ముందే, 1998లో, కమ్యూనిస్టు నాయకులు ఇంద్రజిత్ గుప్తా అధ్యక్షత వహించిన సంఘం, ఎన్నికల వ్యయంలో కొంత భాగాన్ని ప్రభుత్వమే భరించాలని సూచించింది. ఓట్లకు, స్థానాలకు మధ్య ఉన్న అగాధాన్ని తగ్గించడానికి లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలో, ఓట్ల నిష్పత్తిని బట్టి కొన్ని అదనపు స్థానాలు కేటాయించాలని ప్రతిపాదించింది. ఈ రెండు సూచనలూ అమలు కాలేదు.

న్యాయం చెప్పేటప్పుడు మన తూకంలో తేడా రాకూడదు. ఈ పద్ధతి వల్ల వామపక్షాలు నష్టపోవడమే కాదు, లాభపడిన సందర్భాలు కూడా ఉన్నాయి. 1952 ఆంధ్ర అందుకు ఒక సాక్ష్యం. 2006లో పశ్చిమ బెంగాలులో వామపక్ష కూటమి సగం ఓట్లతో 294లో 235 స్థానాలు పొందింది. పైగా 2014, 2019, 2024 ఎన్నికలలో నేటి ఆంధ్రప్రదేశ్ పరిధిలో వామపక్షాలకు ఒక్క శాసనసభ స్థానమైనా దక్కలేదు. దానికి ఎన్నికల పద్ధతిని, పత్రికలను మాత్రమే నిందించి చేతులు దులుపుకోవడం ఆత్మవంచన. 31 శాతం ఓట్లు ఏ కూలిపేటలలో, ఏ కౌలురైతుల ఇండ్లలో ఎలా కరిగిపోయాయో కూడా ఆలోచించవలసి ఉన్నది.

అయినప్పటికీ ఈ లెక్క ఒక పార్టీ లెక్క మాత్రమే కాదు. అన్ని నియోజకవర్గాలలోను ఉండి, ఏ ఒక్క నియోజకవర్గంలోను అధిక సంఖ్యలో లేని ప్రజలందరి లెక్క ఇది. వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవారు, అల్పసంఖ్యాక వర్గాలవారు సభలో తమ సంఖ్యకు తగినంతగా కనబడకపోతే, వారు దేశంలోనే లేరని అనుకొనడం తేలిక. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు పక్కపక్కన కూర్చుని చదువుకొంటున్న మనకు ఈ సంగతి ఒకరు వివరించి చెప్పనవసరం లేదు.

విద్యార్థి మిత్రులారా! 61వ రాజ్యాంగ సవరణతో 1989 నుండి పద్దెనిమిదేళ్ళకే ఓటు హక్కు లభించింది. ఆ హక్కును జాబితాలో పేరుతో సరిపెట్టుకోవద్దు. ఈసారి ఫలితాల మరునాడు పత్రిక తెరచినప్పుడు, గెలిచిన స్థానాల పక్కన పడిన ఓట్లను కూడా వ్రాసి చూడండి. ఏ వార్త వెనుక ఎవరి సొమ్ము ఉన్నదో అడగండి. ఒకే సంఘటనను ఒక ఉర్దూ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో చదివి పోల్చండి. ఓటు వేసిన నాటితో పౌరుని పని ముగిసిపోదు. ఆ ఓటు ఏమైపోయిందో లెక్క అడిగిననాడే అది సార్థకమవుతుంది.