సీడీ యక్కఱలేని లినక్స్

కంప్యూటరులో లినక్స్ నెక్కింపవలెనన్నచో మొదట నొక ఖాళీ సీడీని కొనితెచ్చి, ఇంటర్నెట్టునుండి దింపుకొన్న ప్రతిని దానిపై రైట్ చేసి, అది సగములో చెడిపోయిన మఱియొక సీడీకై బజారునకు పరుగిడవలసిన కాలము మనలో ననేకులకు జ్ఞాపకముండియే యుండును. ఆ శ్రమకు జాలనివారికి, లినక్స్ రకములలో నొకటైన ఉబుంటు నిర్మాతలు చిల్లిగవ్వ పుచ్చుకొనక సీడీలను తపాలాలో నింటికే పంపెడి వాడుకయు 2011 వఱకు సాగినది. నేడు సీడీని వెదకుట వృథాశ్రమ. అందు పట్టునది 700 ఎంబీ. సాధారణమైన డీవీడీలో 4.7 జీబీ, ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ప్రతియో 5 జీబీని దాటినది. అదియునుగాక కొత్త ల్యాప్‌టాప్‌లలో పెక్కింటికి సీడీ డ్రైవే యుండదు.

ఆ స్థానమును పెన్ డ్రైవు ఆక్రమించినదని యందఱు నెఱుగుదురు. ఎట్లాక్రమించినదో యెఱిగినవారు కొందఱే. దింపుకొన్న లినక్స్ ప్రతియగు ఐఎస్ఓ ఫైలును, సినిమా పాటను కాపీ చేసిన తీరుననే పెన్ డ్రైవులో వేసి, కంప్యూటరును తిరిగి ఆన్ చేసి, పాత విండోసే ప్రత్యక్షమగుట చూచి విసుగుకొనువారు కోకొల్లలు. స్విచ్చి నొక్కినంతనే మేల్కొను మూలవ్యవస్థకు మన ఫైళ్లతో నిమిత్తము లేదు. పాత యంత్రములలోని బయాస్, డ్రైవుయొక్క తొట్టతొలి 512 బైట్లను మాత్రమే చదివి, అందలి యాజ్ఞ ననుసరించి ముందునకు సాగును. యూఈఎఫ్ఐ గల కొత్త యంత్రములు నిర్ణీతమైన విభాగములో నిర్ణీతమైన పేరుగల ఫైలునే వెదకును. ఐఎస్ఓలో సమస్త సామగ్రియు నున్నను, ముడి విప్పని మూటవలె నొకమూల పడియున్నచో దానిని పలుకరించువారే యుండరు.

ఇచ్చట నొక చమత్కారము గలదు. సీడీలలో ఫైళ్లను పొందుపఱచు పద్ధతిని నిర్ణయించిన 1988 నాటి ఐఎస్ఓ 9660 ప్రమాణము, ఒక్కొక్కటి 2,048 బైట్లు గల తొలి 16 భాగములను, అనగా 32 కేబీ స్థలమును, తనకై వినియోగించుకొనక విడిచిపెట్టినది. సీడీనుండి యంత్రము బూటగునపుడు ఆ స్థలముతో బనియే లేదు; పెన్ డ్రైవునుండి బూటగునపుడో, బయాస్ మొట్టమొదట చూచునది యదియే! సిస్‌లినక్స్ అను బూట్‌లోడరుతో వెలువడిన ఐసోహైబ్రిడ్ అను సాధనము, ఆ ఖాళీలో హార్డ్ డిస్కునకు దగిన బూట్ కోడును, విభాగముల పట్టికను జొనిపినది. తత్ఫలితముగా నొకే ప్రతి, ఒక్క బైటైనను మార్పనక్కఱలేకయే, సీడీపై సీడీగను పెన్ డ్రైవుపై హార్డ్ డిస్కుగను ప్రవర్తింప నారంభించినది. సీడీలకై రచించిన ప్రమాణము వదలిన ఖాళీయే సీడీల యక్కఱను దీర్చివేసినదన్నమాట.

కావున నా ప్రతిని, దాని మొదటి బైటు డ్రైవు మొదటి చోటనే పడునట్లు, రైట్ చేయవలెను. విండోస్‌లో రూఫస్, ఎచర్ వంటి సాధనము లీపనిని చేసిపెట్టును. లినక్స్‌లోని డీడీ ఆదేశము మిక్కిలి ప్రాచీనము, అంతకు మించి నిర్దాక్షిణ్యము: పెన్ డ్రైవు పేరగు ఎస్‌డీబీ అని వ్రాయవలసినచోట హార్డ్ డిస్కు పేరగు ఎస్‌డీఏ అని వ్రాసితిరా, ఒక్క ప్రశ్నయైన నడుగక, సంవత్సరముల తరబడి దాచుకొన్న ఫొటోలతోగూడ హార్డ్ డిస్కును తుడిచివేయగలదు. ఏ డ్రైవు ఎన్ని జీబీలదో ముందుగా సరిచూచుకొనుట యుత్తమము. 2020లో వెలువడిన వెంటాయ్ అను సాధనము మాత్రము వేఱు దారి త్రొక్కినది. పెన్ డ్రైవులో దాని నొకమాఱు నెలకొల్పినచో, పిదప ఐఎస్ఓలను వట్టి కాపీ చేసినను మెనూలో జూపి బూట్ చేయును. నాకు మిక్కిలి నచ్చినదియు నదియే.

రైట్ చేయుటకు బూర్వము, నిర్మాతలు ప్రకటించిన 64 అక్షరముల షా-256 సంఖ్యతో మన ప్రతి సంఖ్యను బోల్చి చూచుట మేలు. సగము దిగి యాగిన ఫైలు అప్పుడే పట్టుబడును. తరువాత కంప్యూటరును ఆన్ చేయుచు, కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్2, ఎస్కేప్ లలో దేనినో నొక్కి, పెన్ డ్రైవు నెన్నుకొనవలెను. ఉబుంటు మొదలగునవి హార్డ్ డిస్కును దాకకయే పని చేసి చూపగలవు. వైఫై దొరకుచున్నదా, స్పీకరు పలుకుచున్నదా యని యా దశలోనే పరీక్షింపక ఇన్‌స్టాల్ మీటను నొక్కుట తొందరపాటు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసినందున, విండోస్ 11 నెక్కింపరాని పాత ల్యాప్‌టాప్‌లు గలవా రీ పరీక్షను చేసి చూడదగును.

పెన్ డ్రైవును లేనివారికి సయితము దారి గలదు. ఇదివఱకే లినక్స్ ఉన్న యంత్రములో, గ్రబ్ బూట్‌లోడరు హార్డ్ డిస్కులోని ఐఎస్ఓనే తెఱచి బూట్ చేయగలదు. ఆ ఐఎస్ఓ యున్న విభాగమును మాత్రము ఫార్మాట్ చేయరాదు.

పని ముగిసిన పిమ్మట పెన్ డ్రైవును విండోస్‌లో బెట్టినచో, 32 జీబీల డ్రైవు కొన్ని ఎంబీలుగ గనబడుటయో, ఫార్మాట్ చేయుదువా యని యడుగుటయో తటస్థింపవచ్చును. డ్రైవు చెడలేదు, దానిపై లినక్స్ ప్రతిలోని విభాగముల పట్టిక యింకను నిలిచియున్నదంతే. డిస్క్ మేనేజ్‌మెంటులో నా విభాగములను తొలగించి, కొత్తగా ఫార్మాట్ చేసినయెడల నది మరల పాటలకు, ఫొటోలకు బనికివచ్చును.