టేకు, జామాయిల్ తోటలలో కీటకాల గుర్తింపు: ఆనవాళ్లే ఆధారం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో పొలం గట్ల మీది టేకు చెట్లు వర్షాకాలం చివర గోధుమ రంగుకు తిరగగానే, చెట్టు చనిపోతున్నదని భావించి రైతు మందుల దుకాణానికి వెళ్తాడు. వరిలో పురుగును చేతబట్టి చూపవచ్చు; ఎత్తైన చెట్టుపై అది సాధ్యం కాదు. మనం చేరేసరికి పురుగు తిని వెళ్లిపోయి ఉంటుంది. కనుక అది విడిచిన గుర్తులనే చదవాలి.

ముందుగా టేకు ఆకును వెలుతురుకు ఎత్తి పరిశీలించాలి. సన్న ఈనెలన్నీ వలవలె మిగిలి, నడుమనున్న పచ్చని భాగం మాత్రమే పోయి ఉంటే అది యూటెక్టోనా మకేరాలిస్ గొంగళి పురుగు పని. పెద్ద ఈనెలు తప్ప ఆకంతా పోయి ఉంటే అది హైబ్లియా ప్యూరా. మొదటిది చెట్టు ఎదుగుదల దాదాపు ముగిశాక ఉధృతమవుతుంది. రెండవది తొలకరి చిగుళ్లపై పడుతుంది. నీలంబూరు లేత తోటలలో కేరళ అటవీ పరిశోధన సంస్థ జరిపిన అధ్యయనంలో ఈ రెండవ పురుగు వల్ల కలప వృద్ధిలో 44 శాతం నష్టం తేలింది. భయపెట్టేది మొదటిది, కలపను తగ్గించేది రెండవది. చివరి దశలో గట్టు టేకుపై మందు చల్లించడం, నా అభిప్రాయంలో, వృథా వ్యయమే.

చెదల విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతున్నది. పెద్ద టేకు మానుపై మట్టి పొర కింద చెదలు తినేది సాధారణంగా ఎండిన పైబెరడునే. అవే చెదలు తొలి ఏడాది జామాయిల్ మొక్క తల్లివేరును కొరికి చంపుతాయి. వాడిన మొక్క లాగగానే ఊడివస్తుంది. ఇక్కడ ఆలస్యం తగదు. జామాయిల్ ఆకుతొడిమ, నడి ఈనె, లేత కొమ్మలపై బుడిపెలు కనిపిస్తే అది ఆస్ట్రేలియా నుండి వచ్చిన లెప్టోసైబ్ ఇన్వేసా కందిరీగ.

నరికిన కలపలో రంధ్రాన్ని, పొడిని కలిపి చూడాలి. చేవ పట్టని తెల్ల చెక్కలో ఒకటి, రెండు మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రాలు, పిండివంటి మెత్తని పొడి ఉంటే లిక్టస్ పెంకు పురుగు. కోలాకారపు పెద్ద రంధ్రాలు పొడుగు మీసాల పెంకు పురుగులవి. అంచు నల్లబడిన సూదిమొన రంధ్రాలు, పొడి లేకుండా ఉంటే, పచ్చి దుంగలో శిలీంధ్రాన్ని పెంచుకొని బతికే పెంకు పురుగులవి. చెక్క ఆరితే ఆ శిలీంధ్రం, దానితో పురుగు నశిస్తాయి. ఈ తేడా తెలియక, పురుగు ఇంకా ఉందన్న మాటకు రైతు ధర తగ్గించుకోవలసి వస్తున్నది.

సందేహముంటే దుంగను శుభ్రంగా ఊడ్చి, కింద నల్లని కాగితం పరచి వారం తరువాత చూడాలి. కొత్త పొడి రాలి ఉంటే లోపల పురుగు సజీవంగా ఉన్నట్లే. రాలకపోతే మరో రెండు వారాలు ఉంచి చూసిన తరువాతే చికిత్స సంగతి నిర్ణయించాలి.