కవర్ మీద ఒక్క పేరే.. రాసింది మాత్రం ఇద్దరు!

‘మీది టీమ్ ప్రాజెక్టు కదా.. ఇందులో మీరు చేసిందేంటి?’

క్యాంపస్ ఇంటర్వ్యూకి వెళ్లిన ఎవరినైనా అడగండి, ఈ ప్రశ్న ఎదురైందనే చెబుతారు. రిపోర్టు అట్ట మీద నలుగురి పేర్లుంటాయి. నిజంగా కూర్చుని చేసింది ఒకరో ఇద్దరో. చేసినవాళ్లకు ‘అంతా నేనే చేశాను సార్’ అనాలంటే మొహమాటం. చేయనివాళ్లకు ‘మేం చేశాం’ అనే మాటే ఆసరా. ఇద్దరూ అక్కడే తడబడతారు.

కలిసి పనిచేయడం గురించి సాఫ్ట్ స్కిల్స్ క్లాసుల్లో చాలా విని ఉంటారు. ఈసారి క్లాసు బయటికి వెళ్దాం. కథ రాయడం ఒంటరి పని అనుకుంటాం కదా? మిస్టరీ నవల అయితే మరీ కష్టం. మొదటి పేజీలో వేసిన చిక్కుముడి చివరి పేజీలో విడిపోవాలి. మధ్యలో ఒక్క క్లూ తప్పినా పాఠకుడు పట్టేస్తాడు. అలాంటి నవలల్ని ఒకే ఇంట్లో ఉంటూ, పిల్లల్ని పెంచుకుంటూ, బిల్లులు కట్టుకుంటూ ఇద్దరు కలిసి రాస్తే? అదీ చదివేవాడికి అతుకు కనిపించకుండా? అలా రాసిన జంటలున్నాయి. వాళ్ల పద్ధతులు మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి నేరుగా పనికొస్తాయి.

ఆమె అటక గదిలో.. ఆయన తోటలో

నిక్కీ ఫ్రెంచ్. ఇంగ్లండ్‌లో థ్రిల్లర్లు చదివేవాళ్లకు బాగా తెలిసిన పేరు. కానీ ఆ పేరుతో మనిషెవరూ లేరు! నిక్కీ జెరార్డ్, షాన్ ఫ్రెంచ్ అనే భార్యాభర్తలు తమ పేర్లలోంచి చెరొక ముక్క తీసి అతికించుకున్న పేరది. ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లిష్ సాహిత్యం చదివారు. ఇద్దరూ జర్నలిస్టులే. ‘న్యూ స్టేట్స్‌మన్’ పత్రికలో పరిచయమయ్యారు, 1990లో పెళ్లి చేసుకున్నారు. నలుగురు పిల్లల ఇల్లు.

ఇద్దరు మనుషులు కలిసి ఒకే గొంతుతో రాయగలరా అన్న ప్రశ్నే వాళ్లను ఇందులోకి దింపింది. చిన్నప్పుడు జరిగిందని మరిచిపోయిన విషయం పెద్దయ్యాక హఠాత్తుగా గుర్తొస్తే, ఆ జ్ఞాపకాన్ని నమ్మొచ్చా? ఈ అంశం చుట్టూ అల్లిన తొలి నవల ‘ది మెమరీ గేమ్’ 1997లో వచ్చింది. తర్వాత వచ్చిన ‘కిల్లింగ్ మి సాఫ్ట్‌లీ’ 2002లో సినిమా అయింది. ఫ్రీడా క్లైన్ అనే సైకోథెరపిస్టు ప్రధాన పాత్రగా 2011 నుంచి 2018 వరకు ఎనిమిది నవలల సిరీస్ నడిపారు.

వాళ్ల పద్ధతి చూడండి. కథేంటి, ఎవరేంటి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి అన్నది ముందు నెలల తరబడి మాట్లాడుకుంటారు. రాసేటప్పుడు మాత్రం ఒకే గదిలో కూర్చోరు. ఆమె ఇంటిపై అటక గదిలో, ఆయన తోటలోని షెడ్డులో. ఒకరు కొంత రాసి రెండోవారికి పంపుతారు. అందుకున్నవాళ్లు దాన్ని మార్చొచ్చు, కలపొచ్చు, కొట్టేయొచ్చు. తర్వాత భాగం రాసి తిరిగి పంపాలి. ఏ అధ్యాయం ఎవరిదన్నది బయటికి చెప్పరు.

ఇది చదువుతుంటే మీకేం గుర్తొచ్చింది? నాకైతే గిట్‌హబ్. ముందు డిజైన్ మీద ఒప్పందం, తర్వాత ఎవరి బ్రాంచిలో వాళ్లు, ఆపైన రివ్యూ, చివర్లో మెర్జ్. తేడా ఒక్కటే. రివ్యూలో మన కోడ్ నాలుగు లైన్లు తీసేస్తే మనం సాయంత్రం దాకా ముఖం మాడ్చుకుంటాం. వాళ్లు రాసిన పేజీకి పేజీ పోయినా రాత్రికి ఒకే టేబుల్ దగ్గర భోంచేయాలి! ‘ఇది నా వాక్యం’ అన్న పట్టుదల వదిలితేనే ఆ కాపురమూ ఆ కలమూ రెండూ నడుస్తాయి.

ఇంకో సంగతి. కలిసి రాస్తున్నారని సొంత పని మానేయలేదు. నిక్కీ జెరార్డ్ సొంత పేరుతోనూ పుస్తకాలు రాశారు. డిమెన్షియాతో ఉన్న తండ్రి 2014లో చనిపోయాక ఆమె, స్నేహితురాలితో కలిసి ‘జాన్స్ క్యాంపెయిన్’ అనే ఉద్యమం మొదలుపెట్టారు. జాన్ అంటే ఆ తండ్రి పేరే. డిమెన్షియా ఉన్నవాళ్లు ఆసుపత్రిలో చేరితే, వాళ్లను చూసుకునే ఇంటి మనిషి పక్కనే ఉండనివ్వాలన్నది దాని డిమాండ్. టీమ్‌లో ఉన్నంత మాత్రాన మీ గుర్తింపు కరిగిపోనక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పిల్లలు పడుకున్నాక 300 అధ్యాయాలు

ఇంకాస్త వెనక్కి, 1960ల స్వీడన్‌కి వెళ్దాం. మాయ్ షోవాల్, పెర్ వాలూ. చట్టప్రకారం పెళ్లి చేసుకోలేదు కానీ జీవితం పంచుకున్న జంట. వీళ్లూ జర్నలిస్టులే. మార్టిన్ బెక్ అనే పోలీసు అధికారి కథలతో పది నవలలు రాశారు. మొదటిది ‘రోసన్నా’ 1965లో, చివరిది ‘ది టెర్రరిస్ట్స్’ 1975లో. నాలుగోదైన ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’కి 1971లో అమెరికాలో ఎడ్గార్ అవార్డు దక్కింది. స్వీడన్, నార్వే నుంచి ఇవాళ వస్తున్న క్రైమ్ నవలలన్నింటికీ దారి వేసింది వీళ్లేనంటారు.

వీళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది స్కోప్ గురించి. పది పుస్తకాలే రాయాలి, ఒక్కోదాంట్లో 30 అధ్యాయాలుండాలి అని మొదట్లోనే గీత గీసుకున్నారు. పదీ కలిపి ఒకే పెద్ద కథ. పగలంతా పనులు, పిల్లలు. పిల్లలు నిద్రపోయాక టేబుల్‌కి అటొకరు, ఇటొకరు కూర్చుని చెరొక అధ్యాయం చేత్తో రాసేవాళ్లు. తర్వాత కాగితాలు మార్చుకుని, ఒకరిది ఒకరు సరిదిద్దుతూ టైప్ చేసేవాళ్లు. ఆయన శైలీ కాదు, ఆమె శైలీ కాదు, ఆ పుస్తకాల కోసమే మూడో శైలి ఒకటి తయారు చేసుకున్నారు. పదో నవలతో లెక్క పూర్తయింది. అదే 1975లో వాలూ కన్నుమూశారు.

‘టైమ్ లేదు బ్రో’ అని మనం అనేటప్పుడల్లా ఆ టేబుల్ గుర్తొస్తే చాలు.

కొట్టుకున్న జంటకు మూడో మనిషి

స్వీడన్‌లోనే ఇంకో జంట. అలెగ్జాండర్, అలెగ్జాండ్రా ఆన్‌డోరిల్. ఇద్దరూ విడివిడిగా అప్పటికే పేరున్న రచయితలు. కలిసి రాద్దామని కూర్చున్న ప్రతిసారీ గొడవే. ఎవరి శైలి వాళ్లకు ముద్దు మరి! దానికి వాళ్లు కనిపెట్టిన విరుగుడు భలే ఉంటుంది. ఇద్దరూ కాని మూడో రచయితను పుట్టించారు. పేరు లార్స్ కెప్లర్. ‘లార్స్’ అనేది స్వీడిష్ రచయిత స్టీగ్ లార్సన్ మీద గౌరవంతో. ‘కెప్లర్’ ఎవరో మన ఫిజిక్స్ పుస్తకమే చెబుతుంది, గ్రహాల గమన సూత్రాల కెప్లర్.

2009లో ‘ది హిప్నాటిస్ట్’ వచ్చింది. రచయిత ఎవరో తెలియక స్వీడన్ పత్రికలు వేట మొదలుపెట్టాయి. కొన్ని వారాల్లోనే ఈ జంటను పట్టేశాయి. 2012లో ఆ నవల సినిమాగానూ వచ్చింది. సొంత పేర్లు పక్కనపెట్టగానే గొడవలు ఆగడం ఇక్కడ గమనించాల్సిన విషయం. ‘నీ ఐడియానా, నా ఐడియానా’ అన్న వాదన పోయి ‘కెప్లర్ అయితే ఎలా రాస్తాడు?’ అన్న ప్రశ్న మిగిలింది. మీ టీమ్‌లోనూ ఇదే ప్రశ్న వేసుకోవచ్చు: ‘ఈ యాప్ వాడే మనిషికి ఏది కావాలి?’

పేరు లేని భాగస్వామి

అన్ని కథలూ ఇంత సాఫీగా లేవు. డిక్ ఫ్రాన్సిస్ ఇంగ్లండ్‌లో చాంపియన్ జాకీ. గుర్రప్పందాలు వదిలేశాక 1962లో ‘డెడ్ సర్ట్’తో నవలలు మొదలుపెట్టి, దాదాపు ఏటా ఒకటి చొప్పున రాశారు. ఆయన బడి చదువు మధ్యలోనే ఆపేసిన మనిషి. భార్య మేరీ డిగ్రీ చదువుకున్నారు. ఒక నవలలో విమానాలుంటాయని ఆమె విమానం నడపడం నేర్చుకున్నారు. ఇంకో నవల కోసం ఫొటోగ్రఫీలో దిగారు. రీసెర్చి, ఎడిటింగ్ ఆమె చేతుల మీదుగానే జరిగేవి. కవర్ మీద మాత్రం ఎప్పుడూ ఒక్క పేరే.

భార్య సాయాన్ని డిక్ దాచుకోలేదు, బహిరంగంగానే చెప్పేవారు. అయినా ‘అసలు రచయిత మేరీయే’ అని 1999లో ఒక జీవిత చరిత్రకారుడు వాదించడంతో దుమారం రేగింది. 2000లో మేరీ చనిపోయారు. ఆ తర్వాత కొత్త నవల రావడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. 2007 నుంచి వచ్చిన పుస్తకాల మీద మాత్రం కొడుకు ఫీలిక్స్ పేరు కూడా అచ్చయింది. ఎవరు ఎంత రాశారన్నది ఇక తేలే లెక్క కాదు. ముందే రాసిపెట్టుకోకపోతే ఏ లెక్కయినా అంతే.

ఇది నాకెందుకు గుచ్చుకుంటుందో చెప్తాను. నా టెక్ బ్లాగ్ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో హాస్టల్ గదిలో మొదలైంది. రాసేది నేను. ఫోన్లు సంపాదించి, బ్యాటరీ ఎన్ని గంటలొచ్చిందో, ఎంత వేడెక్కిందో రాత్రంతా మేలుకుని నోట్ చేసేది నా రూమ్మేట్. పోస్టు కింద పేరు మాత్రం నాది. అతను అడగలేదు, నాకు తోచలేదు. ఒకసారి ఒక ఫోన్ లాంచ్‌కి నాకొక్కడికే పిలుపొచ్చింది. వెళ్లి, ఫొటో తీసుకుని స్టేటస్‌లో పెట్టా. ‘కంగ్రాట్స్ రా’ అని మెసేజ్ పెట్టాడు. తర్వాతి ఫోన్ రివ్యూకి ‘బిజీగా ఉన్నా’ అన్నాడు. ఆ తర్వాతా అంతే. గొడవ పడి ఉంటే బాగుండేది, కనీసం మాట్లాడుకునేవాళ్లం.

మన దగ్గరా ఉన్నారు

తెలుగు కథలు చదివే ఇంట్లో పెద్దవాళ్లనడగండి, ‘బీనాదేవి’ పేరు చెబుతారు. ఆడ రచయిత అనుకుని చదివినవాళ్లే ఎక్కువ. నిజానికి అది భాగవతుల నరసింగరావు, బాలాత్రిపురసుందరమ్మ దంపతుల కలం పేరు. ఆయన న్యాయశాఖలో పనిచేశారు. కోర్టులు, కేసులు, వాటి మధ్య నలిగే మామూలు మనుషులు వాళ్ల కథల నిండా కనిపిస్తారు. ‘పుణ్యభూమీ కళ్లుతెరు’, ‘హేంగ్ మి క్విక్’ బాగా పేరొచ్చిన రచనలు. భర్త పోయాక కూడా ఆమె అదే పేరుతో రాశారు. ఉమ్మడి పేరులో తన వాటా ఎంతో ఆమెకు తెలుసు.

మీ టీమ్‌లో ఇవి పాటించండి

నవల రాయమని కాదు నా సలహా. ఇద్దరు కలిసి చేసే ఏ పనికైనా ఈ జంటల నుంచి తీసుకోదగినవి కొన్ని:

• ముందు మాట్లాడుకోండి, తర్వాతే కీబోర్డు: ఏం చేస్తున్నాం, ఏం చేయం అన్నది ఒక పేజీలో రాసుకోండి. షోవాల్, వాలూల పది పుస్తకాల గీత లాంటిది మీకూ ఉండాలి.

• కొట్టేసే హక్కు ఇద్దరికీ ఇవ్వండి: రివ్యూలో విమర్శ పని మీదే ఉండాలి. ‘నీ కోడ్ చెత్త’ అనకండి. ‘ఈ ఫంక్షన్ ఖాళీ ఇన్‌పుట్‌కి ఆగిపోతోంది’ అనండి.

• మూడో శైలి పెట్టుకోండి: వేరియబుల్ పేర్లు, ఫోల్డర్లు, రిపోర్టు ఫార్మాట్ మొదటి వారంలోనే తేల్చుకోండి. చదివేవాళ్లకు అతుకు కనపడకూడదు.

• లెక్క ఉంచుకోండి: బయటికి ఒకే పేరు పెట్టుకున్నా లోపల ఎవరేం చేశారో తెలియాలి. ఎవరి కమిట్ వాళ్ల అకౌంట్ నుంచే చేయండి. రీడ్‌మీ ఫైల్లో ప్రతి ఒక్కరి పనికీ ఒక్కో లైను రాయండి. టెస్టింగ్, డేటా సేకరణ, డాక్యుమెంటేషన్ చేసినవాళ్ల పేర్లే ఎక్కువగా జారిపోతాయి.

• పేరు సంగతి మొదటి రోజే తేల్చండి: పేపర్ పబ్లిష్ అయితే ఎవరి పేరు ముందు? హ్యాకథాన్ ప్రైజ్ మనీ ఎలా పంచుకోవాలి? గెలవకముందు ఇది పది నిమిషాల మాట. గెలిచాక అదే పెద్ద తగువు.

ఇక ఇంటర్వ్యూ ప్రశ్నకు వద్దాం. జవాబులో ‘మేం’, ‘నేను’ రెండూ ఉండాలి. ఉదాహరణకు: ‘మేం ముగ్గురం కలిసి హాస్టల్ మెస్‌కి ఒక యాప్ చేశాం సార్. డేటాబేస్ డిజైన్ నాది. లాగిన్ భాగం నా ఫ్రెండ్ రాశాడు, నేను రివ్యూ చేశాను. ఒకచోట ఇద్దరికీ అభిప్రాయం కుదరలేదు, అతను చెప్పిందే కరెక్టని టెస్ట్ చేశాక తెలిసింది.’ ఈ నాలుగు వాక్యాల్లో మీ పని ఉంది, పక్కవాడి పని ఉంది, ఒప్పుకునే గుణమూ ఉంది. పక్కవాడి వాటా స్పష్టంగా చెప్పగలిగినవాడు తన వాటా గురించి అబద్ధమాడుతున్నాడని ఎవరూ అనుకోరు. ప్రాజెక్టులో మీరు నిజంగా ఏమీ చేయలేదా? ఇంటర్వ్యూకి ఇంకా టైముంటే ఈ వారమే ఒక భాగం తీసుకుని చేయండి. మాటలతో ఆ ఖాళీ పూడదు.

ఈమధ్యే నా బ్లాగ్‌లోని పాత రివ్యూలన్నింటి కింద ‘టెస్టింగ్’ అని రాసి నా రూమ్మేట్ పేరు చేర్చాను. ముందు అతన్ని అడిగాను. లింకు పంపితే థంబ్స్ అప్ పెట్టాడు, అంతే. ఆ పని అప్పుడే చేయాల్సింది.

మీ ప్రాజెక్టు రిపోర్టు ఇంకా ప్రింటుకి వెళ్లలేదు కదా? ఒకసారి తెరిచి చూడండి, ఎవరి పేరైనా మిగిలిపోయిందేమో.