సింహాల పొలిమేర పోరు

సింహాన్ని మృగరాజు అంటాం. రాజంటే అడవికి ఒక్కడే అనుకుంటాం. కథల్లో అలాగే విన్నాం. కాని నిజం వేరు. మగసింహం ఎంత బలమైనదైనా ఒంటరిగా ఎక్కువ కాలం ఏలలేదు. ఎందుకో తెలుసుకుందామా?

మన దేశంలో అడవి సింహాలు గుజరాత్‌లోనే ఉన్నాయి. గిర్ అడవిలోను, దాని చుట్టుపక్కల ఉంటాయి. మిగతా అడవి సింహాలన్నీ ఆఫ్రికా ఖండంలోనే. ఇప్పుడు చెప్పేది ఆఫ్రికా సింహాల సంగతి.

జట్టు ఎలా కడతాయి?

సింహాలు మందగా బతుకుతాయి. మందలో తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు ఉంటారు. ఆడపిల్లలు ఎక్కువగా పుట్టినచోటే ఉండిపోతాయి. మగపిల్లలకు రెండు మూడేళ్లు వస్తే బయటికి పోవాల్సిందే. అన్నదమ్ములు, పెద్దమ్మ పిన్నమ్మ కొడుకులు కలిసి బయల్దేరతాయి. అదే జట్టు. తోడులేని సింహం తనలాంటి ఇంకో ఒంటరిదాన్ని వెతుక్కుంటుంది. జట్టులో మామూలుగా రెండో మూడో ఉంటాయి. కొన్నిట్లో ఆరేడు కూడా ఉంటాయి.

కొంతకాలం ఇవి ఇల్లూ వాకిలీ లేకుండా తిరుగుతాయి. జూలు పెరిగి, ఒంట్లో బలం వచ్చాక ఏదో ఒక మంద మీద కన్ను వేస్తాయి. అక్కడున్న మగసింహాలను తరిమేస్తేనే వీటికి చోటు.

హద్దు ఎలా తెలుస్తుంది?

మన పొలానికి గట్టు ఉంటుంది. సింహానికి గట్టు లేదు. పొదల మీద, చెట్ల మీద మూత్రం చిమ్ముతుంది. ఆ వాసనే హద్దురాయి. రాత్రిళ్లు గర్జిస్తుంది. ఆ గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. "ఈ చోటు మాది, రావద్దు" అని దాని అర్థం.

వినే సింహాలు లెక్క కూడా వేస్తాయి. టాంజానియా దేశంలో సెరెంగెటి అనే చోట శాస్త్రజ్ఞులు ఇది పరీక్షించారు. ఆడసింహాలకు టేపులో కొత్త గర్జనలు వినిపించారు. ఒక్క సింహం గర్జిస్తే అవి ధైర్యంగా ముందుకు పోయాయి. మూడు గర్జిస్తే వెనకా ముందూ ఆలోచించాయి.

పిల్లల గతి ఏమిటి?

గెలిచిన కొత్త జట్టు పాతవాటి పిల్లల్ని చంపేస్తుంది. వినడానికే ఘోరంగా ఉంటుంది. దీనికి కారణం ఉంది. చిన్న పిల్లలున్న తల్లి ఎదకు రాదు. ఆ పిల్లలు పెద్దవయ్యేదాకా దాదాపు రెండేళ్లు ఆగాలి. చాలా జట్ల ఏలుబడి రెండు మూడేళ్లే. ఆగితే తమ పిల్లలు పెరిగేలోపే ఇంకో జట్టు వచ్చి పడొచ్చు. తల్లులు ఊరుకోవు. కలిసి ఎదురు తిరుగుతాయి. ఒక్కోసారి పిల్లల్ని కాపాడుకుంటాయి కూడా.

అందుకే తండ్రుల జట్టు నిలిస్తేనే పిల్లలు బతుకుతాయి.

మపోగో జట్టు కథ

దక్షిణాఫ్రికాలో క్రూగర్ జాతీయ వనం పక్కన సాబీ సాండ్ అనే అడవి ఉంది. 2006లో ఆరు మగసింహాల జట్టు అక్కడ కాలుపెట్టింది. జనం వాటిని మపోగో సింహాలు అన్నారు. ఆరూ ఒక్కమాట మీద ఉండేవి. ఎదురొచ్చిన జట్లను తరిమాయి. చాలా మందలను ఏలాయి.

తర్వాత అవి విడిపోయాయి. నాలుగు పడమటి వైపు ఉండిపోయాయి. రెండు తూర్పుకు పోయాయి. 2010లో మజింగిలానే అనే కొత్త జట్టు తూర్పు వైపు వచ్చింది. అవి ఐదు. మొదటి పోరులో మపోగోలు వాటిలో ఒకదాన్ని చంపాయి. కాని మిగతా నాలుగు తిరగబడ్డాయి. రెండు మపోగోలలో ఒకదాన్ని చంపాయి. ఆ సింహానికి తోక వంకర. రెండోది పారిపోయి పడమటి జట్టులో కలిసింది. 2012లో అది కూడా మరో జట్టు చేతిలో చచ్చింది. అంతటితో మపోగోల ఏలుబడి ముగిసింది.

ఆరు కలిసి ఉన్నప్పుడు వాటికి ఎదురు లేదు. రెండుగా చీలాక బలం చాలలేదు. పంజా అదే, కోర అదే. తగ్గింది తోడు ఒక్కటే.

ఆలోచించండి: సింహం తన హద్దును ఎలా తెలుపుతుంది? మపోగోలు ఎందుకు ఓడిపోయాయి?