కంప్యూటరుకు కొలతలు ఎవరిచ్చారు?

మా చిన్నమ్మకు అరవై నాలుగేళ్లు. చిన్నాయన ఇల్లు వదిలి వెళ్లిపోయి ముప్ఫై ఏళ్లు దాటింది. ఎక్కడున్నాడో, అసలున్నాడో లేడో ఎవరికీ తెలీదు. మొన్నామధ్య ఓ కాగితం పనిమీద ఆమెను వెంటబెట్టుకుని కడపలోనే ఒక ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు మర్యాదస్తుడే. పేరు, ఊరు, పుట్టిన తేదీ అడిగి టకటకా కొట్టుకున్నాడు.

‘‘భర్త పేరు చెప్పమ్మా’’ అన్నాడు.

‘‘ఆ యప్ప పేరుతో ఏం పని నాయనా? పొయ్యి ముప్ఫై ఏండ్లాయ. మా నాయన పేరు రాసుకో.’’

‘‘పెళ్లయిందని కొట్టినాను కదమ్మా, ఇంక నాయన పేరు గడి రాదు. ఈ గడి పక్కన ఎర్రచుక్క ఉంది చూడండి, నింపకపోతే ముందుకు పోదు.’’

‘‘అట్లయితే వదిలేసిపోయినాడని కొట్టు.’’

‘‘అది లేదమ్మా. పెళ్లి కాలేదు, పెళ్లయింది, విడాకులు, వితంతువు. నాలుగే ఉన్నాయి.’’

‘‘విడాకులిచ్చేదానికైనా మనిషి కనపడాల కదా నాయనా!’’ అంది చిన్నమ్మ.

వెనక వరసలో వాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ తరం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. చివరికి నాచేత చెప్పించింది. ముప్ఫై ఏళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు అరనిమిషంలో కంప్యూటరు తెరమీదికి ఎక్కింది.

తప్పెవరిదంటారు? కుర్రాడిదా? కంప్యూటరుదా? ఆ ఆదివారం మా అన్నయ్య కూతురు బెంగుళూరు నుంచి వస్తే ఇదే అడిగాను. ఆమె ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. ప్రోగ్రాములు రాయదు. ప్రోగ్రాము ఏం చేయాలో అడిగి తెలుసుకుని రాసిపెట్టడం ఆమె పని.

‘‘మిషన్ ఏం చేస్తుందత్తా? ప్రోగ్రాము రాసిన పిల్లలకు నాలుగే గళ్లు అని రాసిచ్చారు. వాళ్లు నాలుగే పెట్టారు. రాసిచ్చిన వాళ్లు చిన్నమ్మలాంటి మనిషిని ఎప్పుడూ కూర్చోబెట్టి అడగలేదు’’ అంది.

ఇలా ముందుగా అడిగి రాసుకోవడం ఒక పెద్ద శాస్త్రమట. ‘రిక్వైర్‌మెంట్స్ ఇంజనీరింగ్’ అంటారట. పేరు వింటే భయమేస్తుంది గానీ సంగతి మనకు తెలియనిది కాదు. టైలరుకు జాకెట్టు గుడ్డ ఇస్తాం. ఆది జాకెట్టు కూడా ఇస్తాం. అయినా చేతులు పొట్టిగా వస్తాయి, మెడ లోతుగా వస్తుంది. ‘మీరు చెప్పలేదు కదమ్మా’ అంటాడు. ‘నువ్వు అడగలేదు కదయ్యా’ అంటాం. లావైతే విప్పుకోవడానికి లోపల గుడ్డ వదలమని చెప్పడం ఎన్నిసార్లు మరిచిపోలేదూ! గుడ్డ కత్తిరించకముందు ఒక్క మాటతో పోయే పని, కుట్టాక జాకెట్టంతా విప్పినా సరికాదు. బ్యారీ బోమ్ అనే అమెరికా పండితుడు దీన్నే లెక్కగట్టాడు. పెద్ద ప్రాజెక్టుల్లో మొదట్లోనే దిద్దుకోవలసిన తప్పును అంతా అయిపోయాక దిద్దితే ఖర్చు వంద రెట్ల దాకా పోవచ్చన్నాడు. ఆయన పుస్తకం 1981లో వచ్చింది.

అంతకు ముందే కొందరు ఈ తలనొప్పికి మందు వెతికారు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో డేనియల్ టైక్రో అనే ప్రొఫెసరు 1968లో ఒక పరిశోధన మొదలుపెట్టాడు. జనం చెప్పిన అవసరాలను కాగితాల మీద ఇష్టమొచ్చినట్టు రాయకుండా, ఒక పద్ధతైన భాషలో రాసి కంప్యూటరుకే ఇస్తే ఎలా ఉంటుందని ఆయన ఆలోచన. ఆ భాష పేరు పీఎస్‌ఎల్. దాన్ని చదివి లోపాలు పట్టే సాధనం పేరు పీఎస్‌ఏ.

ఏం లోపాలు పడుతుందంటారా? పెళ్లి వంటకు జాబితా రాసుకుంటాం. వంటల్లో మజ్జిగపులుసు ఉంటుంది, సరుకుల్లో పెరుగు ఉండదు. సరుకుల్లో అయిదు కిలోల శనగపప్పు ఉంటుంది, దాంతో చేసే వంటేమిటో ఎక్కడా ఉండదు. ఇలాంటివన్నీ పీఎస్‌ఏ ఏరి పెట్టేది. ఫలానా లెక్క అందరూ వాడుకుంటున్నారు గానీ తెచ్చిచ్చేవాడు లేడు అని చెప్పేది. 1977 జనవరిలో అమెరికాలోని ఒక ఇంజనీరింగ్ పత్రిక ఈ విషయం మీదే కొన్ని వ్యాసాలు కలిపి వేసింది. అందులో టైక్రోది ఒకటి. డగ్లస్ రాస్ అనే ఆయన డబ్బాలు, బాణాలతో పనంతా బొమ్మగీసి చూపించే పద్ధతి గురించి మరొకటి రాశాడు. ఎలా చేయాలో తర్వాత, ముందు ఇది ఎందుకు కావాలో రాయండి అన్నది ఆయన పట్టుదల. క్షిపణుల నుంచి రక్షించే వ్యవస్థల కోసం టీఆర్‌డబ్ల్యూ కంపెనీ తయారుచేసిన సాధనం గురించి ఇంకొకటి. క్షిపణుల జోలి మనకెందుకులెండి.

నాకు బాగా నచ్చింది మరో కథ. అమెరికా నౌకాదళానికి ఏ-7 అనే యుద్ధవిమానం ఉండేది. అది అప్పటికే గాల్లో ఎగురుతోంది. లోపల కంప్యూటరుంది, ప్రోగ్రాముంది. అది కచ్చితంగా ఏమేం చేయాలో మాత్రం ఒక్కచోట వివరంగా రాసిపెట్టిన పత్రం లేదు. వాషింగ్టన్‌లోని నౌకాదళ పరిశోధనశాలలో డేవిడ్ పార్నస్, క్యాథరిన్ హెనింగర్, వాళ్ల తోటివాళ్లు కూర్చుని 1978లో ఆ పత్రం తయారుచేశారు. హెనింగర్ 1980లో దాని గురించి ఒక వ్యాసం రాసింది. జవాబుల కోసం పరిగెత్తకముందు ప్రశ్నలు రాసుకోవాలన్నది వాళ్ల మొదటి నియమం. ఏ ప్రశ్నకు జవాబు దొరకలేదో ఆ ఖాళీ కళ్లకు కనిపిస్తూనే ఉండాలి. వాక్యాలు చాటభారతంగా రాయకుండా పట్టికలు గీశారు. ఈ పరిస్థితిలో ఇది, ఆ పరిస్థితిలో అది అని.

ఆ పత్రంలో రెండు అధ్యాయాలున్నాయి. జరగకూడనిది జరిగితే ఏం చేయాలన్నది ఒకటి. ముందుముందు ఏమేం మారవచ్చన్నది ఇంకొకటి. ఇవి విన్నాక నాకు మా చిన్నమ్మ గళ్లే గుర్తొచ్చాయి. మొగుడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోవడం జరగకూడనిదే. కానీ జరుగుతుంది కదా!

ఈ రంగంలో ఆడవాళ్లు మొదటినుంచీ ఉన్నారు. అదే పరిశోధనశాలలో ఆ పట్టికల్లో పొరపాట్లు పట్టే సాధనాలను తర్వాత 1990లలో కాన్‌స్టెన్స్ హైట్‌మేయర్ బృందం తయారుచేసింది. 1993 జనవరిలో శాన్‌డియాగోలో ఈ విషయం మీద మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగితే, వాయేజర్, గెలీలియో అంతరిక్ష నౌకల ప్రోగ్రాముల్లో పరీక్షల దశలో బయటపడ్డ 387 తప్పులను పరిశీలించి రాబిన్ లట్జ్ ఒక పత్రం సమర్పించింది. ప్రమాదకరమైన తప్పుల్లో ఎక్కువ భాగానికి మూలం ప్రోగ్రాము రాయడంలో లేదు. ఏం కావాలో సరిగ్గా అర్థం చేసుకోకపోవడంలో, ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరకపోవడంలో ఉందట. గ్రహాల దాకా వెళ్లే నౌకకూ అదే జబ్బు, మన టైలరు కొట్టుకూ అదే జబ్బు! 2007 అక్టోబరులో ఆ సదస్సుల వరస మన ఢిల్లీకి కూడా వచ్చింది.

ఇక మన రాష్ట్రం సంగతి. స్థలమో ఇల్లో కొన్నవాళ్లకు రిజిస్ట్రారు ఆఫీసు వరండా తెలియకుండా ఉండదు. ఒకప్పుడు ఈసీ కావాలంటే గుమస్తా ఏళ్లకేళ్ల పుస్తకాలు దించి వెతకాలి. దస్తావేజు మొత్తం చేత్తో ఎత్తిరాయాలి. 1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్‌లో 214 రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో ‘కార్డ్’ అనే కంప్యూటరు పద్ధతి మొదలైంది. ఈసీ నిమిషాల్లో, రిజిస్ట్రేషను గంటలో అన్నారు. అది చిన్న పనేం కాదు. స్టాంపు సుంకం ఎలా లెక్కగడతారు, స్థలం విలువ ఎక్కడినుంచి తీస్తారు, ఏ సంతకం తర్వాత ఏ సంతకం, అన్నీ విడదీసి రాసుకోవాలి. చేత్తో ఎత్తిరాయాలన్నది 1908 నాటి చట్టంలో ఉన్న మాట. కాబట్టి చట్టాన్నే సవరించాల్సి వచ్చింది.

పుస్తకాలు దించే బాధ తప్పిందన్నది నిజం. కానీ 2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ కార్డ్ గురించి రాస్తూ, పైపై హంగు మారింది గానీ లంచాలు పోలేదని తేల్చాడు. నా అనుమానం ఒకటే. గుమస్తా ఏం చేస్తాడో అడిగి రాసుకుని ఉంటారు. నగలు కుదువపెట్టి రెండు సెంట్ల స్థలం కొనుక్కున్న ఇల్లాలు అక్కడ దేనికి భయపడుతుందో, ఎందుకు మధ్యవర్తి చెయ్యి పట్టుకుంటుందో ఎవరైనా అడిగారా?

సాధనాలకు చేతకాని పని ఇదే. పెరుగు లేదని పీఎస్‌ఏ చెప్పగలదు. అసలు చక్కెర జబ్బున్న పెద్దాయన పంక్తిలో కూర్చుంటాడని ఎవరూ చెప్పకపోతే, దానికెలా తెలుస్తుంది? మన ఊరినే తీసుకోండి. ఇంగ్లీషులో మన ఊరి పేరు ‘కడ్డపా’ అని చదివేలా ఉండేది. 2005లో ‘కడప’గా మార్చారు. నా డిగ్రీ కాగితాల మీద పాత స్పెల్లింగు, పిల్లల కాగితాల మీద కొత్తది. మనకు రెండూ ఒకటే. ‘ముందుముందు ఏం మారవచ్చు’ అన్న ప్రశ్న వేసుకోని కంప్యూటరుకు మాత్రం అవి రెండు ఊళ్లు. పెళ్లితో ఇంటిపేరు మారిన మనలాంటి వాళ్ల అవస్థ చెప్పనే అక్కర్లేదు.

అడిగేవాళ్లుంటే గళ్లు మారతాయి. 2016 డిసెంబరులో పాస్‌పోర్టు నిబంధనలు మార్చి, తల్లి పేరో తండ్రి పేరో ఒక్కటి ఇస్తే చాలన్నారు. 2018 డిసెంబరు నుంచి, తల్లి ఒక్కతే పెంచిన పిల్లలకు పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు తప్పనిసరి కాకుండా చేశారు. రెండిటికీ ముందు ఎంతమంది తల్లులు కిటికీల దగ్గర వాదించుకుని ఉంటారో!

ఆ ఆదివారం మధ్యాహ్నం మా మేనకోడలు తను చేస్తున్న కొత్త పని తాలూకు ప్రశ్నల జాబితా తీసింది. వేలిముద్ర వేసి డబ్బు తీసుకునే ఏర్పాటట. నలభై ప్రశ్నలకు పైనే ఉన్నాయి. చిన్నమ్మ శనక్కాయలు ఒలుస్తూ అన్నీ వింది.

‘‘మాయట్ల చేన్లో పనిచేసినోళ్ల ఏళ్లు అరిగిపొయ్యింటాయి. ముద్ర పడదు. అప్పుడెట్లనో రాసుకున్యావా పాపా?’’ అని అడిగింది.

‘‘ఆ, ఇంకో వేలు పెట్టమంటుంది చిన్నవ్వా.’’

‘‘పదేళ్లూ అట్లనే అరిగింటే?’’

పిల్ల కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పింది. పెన్ను తీసుకుని చిన్నమ్మ పక్కన కింద కూర్చుంది. ‘‘ఇంకా ఏమేం అవుతాయో చెప్పు’’ అంది. చెప్పడం మొదలుపెట్టిన చిన్నమ్మ పొద్దుగూకే దాకా ఆపలేదు.