ఎర్రరాతి దీపం

దీపాన్ని వెలిగించడం ఒక విద్య. దూరాన ఉన్న దీపాన్ని కూర్చున్న చోటినుండే కోరినప్పుడు వెలిగించి, కోరినప్పుడు ఆర్పగలగడం మరొక విద్య. మొదటిది మానవుడు నిప్పును వశపరచుకొన్న నాడే అలవడింది. రెండవది సిద్ధించడానికి విద్యుద్యుగం రావలసి వచ్చింది. గోడమీది మీటను నొక్కి గదిని వెలుగుతో నింపుకొనే మనం, ఆ మీటకూ ఆ దీపానికీ మధ్య ఏమి జరుగుతున్నదో సాధారణంగా ఆలోచించము. ఆలోచించక తప్పని పరిస్థితిని కల్పించే ఆట ఒకటి ఉన్నది. అందులో దీపాన్నీ, తీగనూ, మీటనూ ఆడేవారే స్వయంగా తయారు చేసుకోవాలి.

ఆ ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశానికి చెందిన మార్కస్ పెర్సన్ అనే ప్రోగ్రామర్ రూపొందించిన ఈ కంప్యూటర్ ఆట 2009 మే నెలలో తొలిసారిగా ప్రజల ముందుకు వచ్చింది. 2011 నవంబరులో సంపూర్ణ రూపంలో విడుదలైంది. దీనిని నిర్మించిన మొజాంగ్ సంస్థను 2014లో మైక్రోసాఫ్ట్ కొనుగోలు చేసింది. 2023 నాటికి ఈ ఆట ప్రతులు ముప్పై కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. ఇందులోని ప్రపంచమంతా ఘనాకారపు దిమ్మలతో నిర్మితమై ఉంటుంది. మట్టి ఒక దిమ్మ, రాయి ఒక దిమ్మ, చెట్టు మొద్దు ఒక దిమ్మ. ఆడేవారు వాటిని తవ్వి తీసి, మరొకచోట పేర్చి ఇల్లు కట్టుకోవచ్చు, కోట కట్టుకోవచ్చు, ఊరినే నిర్మించుకోవచ్చు.

ఆ లోకంలో వెలుగుకు ప్రాణంతో సమానమైన విలువ ఉన్నది. ఒక పగలూ ఒక రాత్రీ కలిసి 20 నిమిషాలలో గడిచిపోతాయి. చీకటి పడిన చోట్ల హాని చేసే జీవులు పుట్టుకొస్తాయి. వెలుగును 0 నుండి 15 వరకు అంకెలతో కొలుస్తారు. దీపానికి ఒక్కొక్క దిమ్మ దూరం జరిగేకొద్దీ వెలుగు ఒక్కొక్క అంకె తగ్గుతుంది. 2021 నవంబరులో జరిగిన మార్పు తరువాత, సాధారణ భూభాగంలో దీపపు వెలుగు పూర్తిగా శూన్యమైన చోటనే ఆ జీవులు పుడుతున్నాయి. అందువల్ల ఇల్లు కట్టిన వారి మొదటి బాధ్యత ఇంటినీ, ఇంటి పరిసరాలనూ చీకటి లేకుండా చూసుకోవడం.

ఇందుకు మామూలు కాగడాలు చాలు. పుల్లకు బొగ్గు చేర్చి చేసిన కాగడా 14 అంకెల వెలుగును ఇస్తుంది. దానికి నూనె అక్కరలేదు. అది ఎన్నటికీ ఆరిపోదు. మరి వేరొక దీపంతో పని ఏమిటి? కాగడా వెలుగును ఇస్తుందే కాని మాట వినదు. ఆర్పాలంటే దానిని పెరికివేయాలి. వెలిగించాలంటే తిరిగి నాటాలి. చెప్పినట్లు వినే వెలుగు కావాలనుకొన్నవారికి అది చాలదు. వారికోసం 2012 మార్చిలో ఆ ఆటలో చేరినదే రెడ్‌స్టోన్ దీపం. దీనినే మనం ఎర్రరాతి దీపం అని పిలుచుకొందాం.

ఈ దీపం తయారీకి రెండు ద్రవ్యాలు కావాలి. మొదటిది రెడ్‌స్టోన్ అనే ఎర్రని ఖనిజపు పొడి. ఇది భూగర్భంలో లోతుగా దొరుకుతుంది. లోతుకు పోయినకొద్దీ అధికంగా లభిస్తుంది. చెక్క పికాసుతోగాని రాతి పికాసుతోగాని తవ్వితే ఖనిజం పగిలిపోతుందే తప్ప పొడి చేతికి రాదు. కనీసం ఇనుప పికాసు ఉండాలి. రెండవది గ్లోస్టోన్ అనే వెలుగురాయి. ఇది భూమిమీద దొరకదు. అబ్సిడియన్ అనే నల్లరాతితో ద్వారబంధం వంటి చట్రాన్ని కట్టి, దానికి నిప్పు రగిల్చి, ఆ ద్వారం గుండా నెదర్ అనే అగ్నిమయమైన పాతాళలోకానికి వెళ్ళాలి. అక్కడి కప్పుకు గుత్తులు గుత్తులుగా వ్రేలాడే వెలుగురాళ్ళను పగులగొడితే ఒక్కొక్కదానికి రెండు నుండి నాలుగు పాళ్ళ పొడి రాలుతుంది. నాలుగు పాళ్ళు చేర్చితే మరల ఒక వెలుగురాయి అవుతుంది. అంటే పగులగొట్టినన్ని రాళ్ళు తిరిగి చేతికి రావన్నమాట.

తయారుచేసే బల్లమీద తొమ్మిది గడులు ఉంటాయి. నడిమి గడిలో వెలుగురాయిని ఉంచి, దానికి పైన, క్రింద, కుడి, ఎడమ గడులలో ఒక్కొక్క పాలు ఎర్రపొడిని పెట్టాలి. మూలలు నాలుగూ ఖాళీగా వదలాలి. అప్పుడు ఒక ఎర్రరాతి దీపం సిద్ధమవుతుంది. ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. వెలుగురాయి స్వయంగా 15 అంకెల వెలుగును ఇస్తుంది. దానితో చేసిన ఎర్రరాతి దీపమూ అంతే వెలుగును ఇస్తుంది. నాలుగు పాళ్ళ ఎర్రపొడి చేర్చినందువల్ల వెలుగు కొంచెమైనా పెరగలేదు. పైపెచ్చు, ఎడతెగక వెలిగే రాయి కాస్తా ఆజ్ఞ అందేవరకు చీకటిగా ఉండే దిమ్మ అయింది. మనం వెచ్చించిన ఎర్రపొడికి ప్రతిఫలం వెలుగు కాదు, వెలుగుమీద అధికారం.

ఇక దీపానికి ఆజ్ఞను అందించే పద్ధతిని చూద్దాం. పుల్లనూ గులకరాతి దిమ్మనూ కలిపితే లీవర్ అనే మీట తయారవుతుంది. దానిని దీపానికే తగిలించి ఒకవైపుకు వంచితే దీపం వెలుగుతుంది. తిరిగి వంచితే ఆరుతుంది. మీట ఒకచోట, దీపం మరొకచోట ఉండాలంటే రెండింటి మధ్య ఎర్రపొడిని నేలమీద ముగ్గుగీతవలె పరచాలి. ఆ గీతే తీగ. మీటను వంచగానే గీత ఎర్రగా మెరుస్తుంది. సంకేతం దీపాన్ని చేరుతుంది. మీటకు బదులు రాతి బొత్తామును అమర్చితే ఒక్క సెకను మాత్రమే సంకేతం వెలువడి ఆగిపోతుంది.

సంకేతానికి ఒక పరిమితి ఉన్నది. మీట ప్రక్కనే ఉన్న పొడిలో దాని బలం 15. ఒక్కొక్క దిమ్మ దాటినప్పుడల్లా ఒకటి చొప్పున తగ్గుతుంది. పదిహేనవ దిమ్మ వద్ద 1 మిగులుతుంది. పదహారవ దిమ్మ వద్ద ఏమీ మిగలదు. అంతకంటె దూరానికి సంకేతాన్ని పంపాలంటే మధ్యలో రిపీటర్ అనే సాధనాన్ని ఉంచాలి. మూడు రాతి దిమ్మలు, రెండు రెడ్‌స్టోన్ కాగడాలు, ఒక పాలు ఎర్రపొడి కలిపి దీనిని చేస్తారు. ఇది తనను చేరిన బలహీనమైన సంకేతాన్ని గ్రహించి, తిరిగి 15 అంకెల బలంతో ముందుకు పంపుతుంది. అయితే అది ఒకే దిశలో పనిచేస్తుంది. సెకనులో పదవ వంతు నుండి నాలుగు పదవ వంతుల వరకు ఆలస్యం కూడ చేస్తుంది.

మనిషి చేయి తగలకుండానే సంధ్యవేళ వెలిగి, తెల్లవారగానే ఆరిపోయే వీధిదీపం కావాలనుకొందాం. ఇందుకు 2013లో పగటి వెలుగును పసిగట్టే పలక ఒకటి ఆ ఆటలో ప్రవేశించింది. ఆరుబయట ఉంచితే అది సూర్యకాంతిని బట్టి సంకేతాన్ని ఇస్తుంది. కాని దానిని నేరుగా దీపానికి కలిపితే పగలు వెలిగి రాత్రి ఆరిపోతుంది. మనకు కావలసినది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అవునన్నదానిని కాదనీ, కాదన్నదానిని అవుననీ మార్చగల ఉపాయం కావాలి. ఆ ఉపాయమే రెడ్‌స్టోన్ కాగడా. ఒక రాతి దిమ్మకు ఈ కాగడాను తగిలిస్తే అది ఎల్లవేళలా వెలుగుతూ సంకేతాన్ని ఇస్తుంది. ఆ దిమ్మకు మరొకవైపు నుండి సంకేతం అందినంతసేపు మాత్రం ఆరిపోతుంది. పలకకూ దీపానికీ మధ్య దీనిని నిలిపితే వీధిదీపం సిద్ధం. 2014లో ఆ పలక స్వభావాన్నే ఒక్క తాకుడుతో తలక్రిందులు చేసే వీలు కల్పించారు. అయినా కాగడా విలువ తగ్గలేదు.

ఎందుకంటే, ఈ చిన్న కాగడాతోనే పెద్ద నిర్ణయాలను కూడ నిర్మించవచ్చు. ఒక ధనాగారానికి ఇద్దరు కాపరులు ఉన్నారనుకొందాం. ఇద్దరూ తమ తమ మీటలను వంచితేనే లోపలి దీపం వెలగాలి. రెండు మీటలకు రెండు కాగడాలను కలిపి, ఆ కాగడాల సంకేతాలను ఒకే గీతలో చేర్చి, ఆ గీతను మూడవ కాగడా ఉన్న దిమ్మకు కలపాలి. ఒక్క కాపరి తన మీటను వంచకపోయినా అతని కాగడా వెలుగుతూ ఉంటుంది. దానివల్ల మూడవ కాగడా ఆరి ఉంటుంది. ఇద్దరూ వంచినప్పుడే మొదటి రెండు కాగడాలు ఆరి, మూడవది వెలిగి, దీపానికి ఆజ్ఞ అందుతుంది. 'ఇతడూ, అతడూ' అనే మాటను మనం 'కాదు', 'లేదా' అనే పదాలతో నిర్మించాము.

ఈ విద్య ఆటలో పుట్టినది కాదు. సత్యాసత్యాలను బీజగణితం వలె గణించవచ్చునని జార్జ్ బూల్ అనే గణితశాస్త్రజ్ఞుడు 1854లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. సుమారు ఎనిమిది దశాబ్దాలపాటు అది గణితజ్ఞుల, తర్కవేత్తల పరిధిలోనే ఉండిపోయింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదువుతున్న క్లాడ్ షానన్, 1937లో తన పరిశోధన వ్యాసంలో ఆ గణితానికీ విద్యుత్ మీటల అమరికకూ ఉన్న ఏకత్వాన్ని నిరూపించాడు. మీట వంచితే ఒకటి, వంచకపోతే సున్న. ఈ సూత్రం మీదనే నేటి కంప్యూటర్లు నడుస్తున్నాయి. కాపరుల దీపాన్ని కూర్చిన విద్యార్థి, తనకు తెలియకుండానే బూల్, షానన్‌ల బాటలో నడిచినవాడవుతాడు.

2024 జూన్‌లో మరొక దీపం ఈ ఆటలో చేరింది. అది రాగి దీపం. సంకేతం ఉన్నంతసేపే వెలగడం ఎర్రరాతి దీపం స్వభావం. రాగి దీపం అట్లా కాదు. ఒకసారి సంకేతం తగిలితే వెలుగుతుంది. సంకేతం ఆగిపోయినా వెలుగుతూనే ఉంటుంది. మరొకసారి తగిలినప్పుడు ఆరుతుంది. అంటే తన స్థితిని తాను జ్ఞాపకం ఉంచుకొంటుంది. మన ఇళ్ళలో మెట్లదారి దీపాన్ని క్రింది నుండి వెలిగించి, పైకి చేరాక ఆర్పడానికి రెండు టూ-వే స్విచ్చులను అమర్చుతారు. ఆటలో మెట్లకు క్రింద ఒకటి, పైన ఒకటి బొత్తాములను పెట్టి ఒకే రాగి దీపానికి కలిపితే అదే ప్రయోజనం నెరవేరుతుంది. మరొక ముచ్చట కూడ ఉన్నది. కాలం గడిచినకొద్దీ రాగికి చిలుము పట్టి, దీపపు వెలుగు 15 నుండి 12కు, 8కి, చివరకు 4కు తగ్గుతుంది. గొడ్డలితో చిలుమును గీకివేయవచ్చు. ముందుగానే తేనెమైనం పూసి చిలుము పట్టకుండా కాపాడుకోనూవచ్చు.

ఆటలోని దీపానికీ ఇంటిలోని దీపానికీ ఇంత పోలిక ఉన్నా, రెండింటినీ ఒకటిగా భావించరాదు. ఎర్రపొడి గీత ఒక్కటే దీపాన్ని చేరితే చాలు, అది వెలుగుతుంది. నిజమైన విద్యుత్తు అట్లా ప్రవహించదు. ఒక తీగ గుండా వచ్చి మరొక తీగ గుండా మరలిపోయే పూర్తి వలయం ఉండాలి. ఆ వలయంలో మన శరీరం ఒక భాగమైనప్పుడే ప్రమాదం సంభవిస్తుంది. ఎర్రపొడిని చేతితో తాకినా ఏమీ కాదు. మన ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల విద్యుత్తు ప్రాణాలను తీయగలదు. స్విచ్చిని విద్యుత్తు వచ్చే ఫేజు తీగమీదనే అమర్చాలి. పొరపాటున మరలిపోయే తీగమీద అమర్చితే, స్విచ్చి ఆర్పినా, దీపం వెలగకపోయినా, దీపపు గూటిలో విద్యుత్తు పొంచి ఉంటుంది. ఆరిన దీపమంతా నిరపాయమని ఆట నేర్పుతుంది. జీవితంలో అది నిజం కాదు. తర్కాన్ని ఆటనుండి నేర్చుకోవచ్చు. జాగ్రత్తను భౌతికశాస్త్రం నుండీ, అనుభవజ్ఞుల నుండీ నేర్చుకోవాలి.

చివరగా, అన్నీ సరిగా అమర్చామనుకొన్న తరువాత కూడ దీపం వెలగకపోవడం తరచు జరుగుతుంది. అప్పుడు విసుగుచెంది అంతా పడగొట్టేవారు కొందరు. మీట వద్దనుండి బయలుదేరి ఒక్కొక్క దిమ్మనే పరీక్షించేవారు కొందరు. గీత పదిహేను దిమ్మలను మించిందా? రిపీటర్ వెనుకకు తిరిగి ఉన్నదా? గీత దీపానికి ఎదురుగా వచ్చి తాకుతున్నదా, లేక ప్రక్కగా సాగిపోతున్నదా? ప్రక్కగా పోయే గీత దీపాన్ని వెలిగించదు. ఈ ప్రశ్నలను వరుసగా వేసుకొన్నవారికి లోపం దొరికి తీరుతుంది. ఎందుకంటే ఆ లోకంలో ప్రతి కార్యానికీ ఒక కారణం ఉన్నది. దీపం అలిగి వెలగకపోవడం ఉండదు.

ఆటలు విద్యార్థుల కాలాన్ని హరిస్తున్నాయన్న ఆరోపణ తోసిపుచ్చదగినది కాదు. గంటల తరబడి తెరముందు కూర్చొని, ఏమి చేశామో చెప్పలేని స్థితిలో లేచినవారి విషయంలో అది అక్షరాలా నిజం. కాని తాను వెలిగించిన దీపం ఎందుకు వెలిగిందో, వెలగనినాడు ఎందుకు వెలగలేదో ఎదుటివారికి విడమరచి చెప్పగలిగిన విద్యార్థి ఆ కాలాన్ని వృథా చేసుకోలేదు. ఆట ముగించి లేచిన తరువాత గోడమీది స్విచ్చిని నొక్కేటప్పుడు ఒక్క క్షణం ఆగి, ఆ గోడ వెనుక సాగే తీగ దారిని ఊహించగలిగితే, అతడు ఎర్రరాతి దీపం నుండి పొందవలసిన ఫలితాన్ని పొందినట్లే.